అద్దంలో తెగిన చెవి

కిందటి వారం గొడుగాయన స్టూడియో మెట్లెక్కుతుంటే మనం కోడల్ని గుమ్మంలో నిలబెట్టి వచ్చేశాం. పాపం, వారం నుంచీ చీపురు చేతిలో పట్టుకుని అలాగే నిలబడి ఉంది. ఇక లోపలికి రానిద్దాం. కథలో ఇవాళే కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళు ఎవరైనా ఉంటే, వాళ్ళ కోసం ముందు నాలుగు ముక్కలు.

ఆ ఫోటో స్టూడియో పెట్టింది మామగారు. ఆయన పోయాక నడుపుతున్నది కోడలు. పక్కనే రేకుల షెడ్డులో కార్లు బాగుచేసేవాడు ఆమె మొగుడు. ఊళ్ళో అతన్ని నట్టు అంటారు. చిన్నప్పుడు ఒక నట్టు మింగాడనీ, అది ఇంతవరకూ బయటికి రాలేదనీ, అందుకే నడుస్తుంటే లోపల గలగలమంటుందనీ చెప్పుకుంటారు. నేనైతే చెవి పెట్టి వినలేదు గానీ, విన్నవాళ్ళని చూశాను.

నట్టు అటక దులుపుతుంటే మూడు ఫోటోలు దొరికాయి. మూడింటిలోనూ ఒకటే కారు. చేప మూతి లాంటి ముందు భాగం, వెనకవైపు బందులు వేసి ముందు నుంచి తెరుచుకునే తలుపులు. పేరు లేదు, నంబరు పలక లేదు, ఎక్కడా ఒక్క అక్షరం లేదు. ఇక నట్టుకి కంటి మీద కునుకు లేదు. ఆ ఫోటోలు జేబులో పెట్టుకుని అడగని గ్యారేజీ లేదు, ఎక్కని గడప లేదు. ఆఖరికి పాత కాగితాల కొట్లో ఒక ఇంగ్లీషు మోటారు పత్రిక పేజీ చేతికి తగిలింది. దాని మీద ఆ కారు బొమ్మ గీసి ఉంది. ఇంగ్లండులో ఒక కంపెనీ, అమ్మకానికి పెట్టే ముందు పరీక్ష కోసం ఒకే ఒక్క బండి తయారుచేసిందట. ఎండలు మండే చోట తిప్పి చూడమని ఒక ఇంజనీరుకిచ్చి పంపిందట. బండి తిరిగి వెళ్ళలేదు, ఇంజనీరూ వెళ్ళలేదు. ఈ ఊరి బయట రిజర్వాయరులో రెండూ మునిగిపోయాయని అప్పట్లో అందరూ అనుకున్నారు. గాలిస్తే టోపీ ఒక్కటే తేలింది. ఆయన దగ్గర జీతానికున్న కుర్ర డ్రైవరు మాత్రం, ఆ రోజు తను జ్వరంతో మంచం దిగలేదని చెప్పి, ఆ తర్వాత ఊళ్ళోనే కనపడకుండా పోయాడు.

చిక్కేమిటంటే, బొమ్మలో కారూ ఫోటోలో కారూ అచ్చు గుద్దినట్టున్నాయి, కానీ అన్నీ తారుమారు. బొమ్మలో స్టీరింగు కుడిపక్క, ఫోటోలో ఎడమపక్క. బొమ్మలో పెట్రోలు మూత ఎడమవైపు, ఫోటోలో కుడివైపు. బానెట్టు పక్కన గాలి పోయే చీలికలు అందులో అటుంటే ఇందులో ఇటు.

“ఇది దాని కవల తమ్ముడే. పుర్రచేతి వాటం, అంతే తేడా” అన్నాడు నట్టు, తల పట్టుకుని.

ఆ తల పట్టుకున్న సమయంలోనే దిగాడు గొడుగాయన. అరవై దాటిన మనిషి, మెత్తని మాట, వాన లేకపోయినా చేతిలో నల్ల గొడుగు. పాత కార్లు కొని దాచుకోవడం నా సరదా అన్నాడు. ఇంగ్లండు బండికి ఎడమపక్క స్టీరింగు ఎందుకుంటుంది, ఇది వేరే దేశంలో ఎవరో కాపీ కొట్టిన బండి, ఆ మునిగిన దానికీ దీనికీ చుట్టరికం లేదు అని తేల్చేశాడు. మూడో ఫోటోని మాత్రం చూసీ చూడనట్టు కింద పెట్టేశాడు. ఆ ఫోటోలో కారు ముందద్దం పగిలి ఉంది. పక్కన ఒక కుర్రవాడు గళ్ళ కోటు వేసుకుని, రొమ్ము విరుచుకుని నిలబడ్డాడు. అదే గళ్ళ కోటు మొదటి ఫోటోలో ఇంగ్లీషు ఇంజనీరు ఒంటి మీద ఉంది. కుర్రవాడికి కుడి చెవి తమ్మె సగం తెగి ఉంది.

గొడుగాయనకీ చెవి తమ్మె సగం లేదు. కానీ ఆయనకి లేనిది ఎడమది.

“ఇంకా నయం, మీది ఇటు చెవి అయింది. అటుదైతే మిమ్మల్నే పట్టుకునేవాళ్ళం” అని నట్టు హాస్యమాడితే అందరికంటే గట్టిగా నవ్వినవాడు గొడుగాయనే.

ఈ ఉదయం ఆయన జీపు వచ్చింది. నా గోడౌనులో ఇంకో పాత బండి ఉంది, ఒకసారి కింద దూరి చూడు నాయనా అన్నాడు. కారు పేరు చెబితే నట్టు నిద్రలో కూడా నడిచి వెళ్ళే మనిషి. భోజనానికి వచ్చేస్తానని పెళ్ళానికి చెప్పి, జీపులో డ్రైవరు పక్కన ఎక్కి కూర్చున్నాడు. ఇప్పుడు భోజనాల వేళ దాటిపోయింది. వచ్చింది గొడుగాయన ఒక్కడే.

అదీ సంగతి. ఇక పదండి లోపలికి.

* * *

గొడుగాయన గొడుగు మూసి, కెమెరా స్టాండుకి తగిలించాడు. ఫోటో దిగేవాళ్ళు కూర్చునే స్టూలు మీద కూర్చున్నాడు. వెనక తెర మీద రంగులతో వేసిన రాజమహలు మెట్లు. ఆ మెట్ల ముందు కూర్చుంటే రిక్షా లాగేవాడైనా జమీందారులా కనిపించాలి. ఈయన మాత్రం ఆ మహలు కొనడానికొచ్చినవాడిలా కనిపించాడు.

“ఆయన రాలేదేంటండీ?” అంది కోడలు.

“వస్తాడమ్మా. బండి కింద దూరాడు. నీ మొగుడి సంగతి నీకు తెలియంది ఏముంది, దూరితే కాళ్ళు పట్టుకుని లాగాలి.” నవ్వాడు. “అన్నట్టు, ఆ మూడు ఫోటోలూ, వాటి నెగటివులూ నాకు ఇచ్చెయ్యమన్నాడు. ఎలాగూ పనికిరాని బండి కదా, మీ దగ్గరుంటే ఏం, నా దగ్గరుంటే ఏం అన్నాడు.”

ఆ మాట కోడలికి అతకలేదు. నట్టు ఆ ఫోటోలని రాత్రి దిండు కింద పెట్టుకుని పడుకుంటాడు. ఒకసారి పక్కమీద దొర్లితే మడత పడతాయేమోనని పెళ్ళాన్ని గోడవైపు జరిపాడు. అలాంటివాడు పనికిరాని బండి అన్నాడా?

“ఆయన రాగానే ఆయన చేత్తోనే ఇప్పిస్తానండి” అంది.

“ఎవరి చేత్తో ఇస్తేనేం అమ్మా, వచ్చేది నా చేతికే కదా.”

అప్పుడే లోపలి నుంచి అత్తగారు మంచినీళ్ళ చెంబుతో వచ్చింది. ఆవిడకి కంట్లో పొర. మనిషికీ కుర్చీకీ తేడా తెలియదు, కానీ దేనితోనైనా మాట్లాడగలదు. ఒకసారి కెమెరా స్టాండుతో పూటంతా మాట్లాడి, ఈ అబ్బాయి ఎంత నెమ్మదస్తుడో అని మెచ్చుకుందట.

“ఎవరూ, గొడుగు అన్నయ్యగారా? గొంతు ఆ స్టూలు మీంచి వస్తోందంటే ఫోటో దిగడానికేనా?”

“నాకు ఫోటోలు పడవు చెల్లెమ్మా. దిగినప్పుడల్లా వేరేవాడిలా ఉంటాను.”

అత్తగారు ఆ మాట కోసమే పుట్టినట్టు, చెంబు బల్ల మీద పెట్టేసి కొంగు సర్దుకుంది.

“మా ఆయన ఉంటే ఆ మాట మీ నోట వచ్చేదే కాదు. అందరూ అలాగే అనేవారు. ఒక ధాన్యం షావుకారు ఉండేవాడు, ముఖం తిరగలి రాయంత. ఫోటో తీసి ఇస్తే, ఇది నేను కాదు, నన్ను పోలిన వెధవ ఎవడో అన్నాడు. మళ్ళీ తీశారు. ఇదీ నేను కాదన్నాడు. మూడోసారి మా ఆయనకి కోపం వచ్చి, చూడకుండా నెగటివు తిరగేసి పెట్టి అచ్చేసి ఇచ్చారు. అంతే, షావుకారు ఫోటో పట్టుకుని గుమ్మంలో గెంతాడు. ఇదీ నా ముఖం, ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావయ్యా అని.”

“తిరగేసి అంటే?” అన్నాడు గొడుగాయన. చెంబు అందుకోబోయిన చెయ్యి సగంలో ఆగింది.

“నెగటివుకి మసక వైపు ఒకటీ, మెరుపు వైపు ఒకటీ ఉంటాయి కదండీ. మసక వైపు కాగితం మీదకి ఉండాలి. ఈయన మెరుపు వైపు పెట్టారు. కుడి ఎడమైంది, ఎడమ కుడైంది. మా ఆయన ఆ రాత్రంతా ఆలోచించి నాతో అన్నారూ, పిచ్చిదానా, మనిషికి తన ముఖం తెలిసేది అద్దంలోనే కదా, అద్దంలో ఉన్నట్టిస్తేనే నేనంటాడు, ఉన్నదున్నట్టిస్తే కాదంటాడు అని. ఇక అప్పట్నించీ ఈ స్టూడియోలో దిగిన ప్రతివాడికీ తిరగేసే అచ్చు. జనం ఎగబడ్డారు. అవతలి వీధి స్టూడియో వాడు కుళ్ళి కుళ్ళి సోడాల కొట్టు పెట్టుకున్నాడు.”

“అందరికీనా అత్తయ్యా?” అంది కోడలు. తన గొంతు తనకే పక్కింట్లోంచి వచ్చినట్టు వినిపించింది.

“ఫోటోలో అక్షరాలుంటే మాత్రం సరిగ్గా వేసేవారు. బోర్డులూ అవీ తిరగబడితే దొరికిపోతాం కదా. అక్షరం లేకపోతే తిరగేసుడే. ఎవరికైనా చెప్పావో చూడు అని నాకు ఒట్టు పెట్టారు. పోయిన మనిషి, ఇంకా ఒట్టేంటని చెబుతున్నాను. నువ్వు మీ మేనమామ దగ్గర పని నేర్చుకుని వచ్చావు, నీకెలా తెలుస్తుంది.”

ఆ కారు మీద ఒక్క అక్షరం లేదు.

కోడలికి ఆ క్షణాన వీపు మీద ఎవరో తడిగుడ్డ పరిచినట్టయింది. అయినా ఆమె చెయ్యి ఖాళీగా ఉండదు కదా, ఫోటో చేసేవాళ్ళ చెయ్యి. సొరుగు లాగి, నట్టు పొద్దున్నే దాచమన్న ఫోటోల్లోంచి మూడోది తీసింది. దుమ్ము తుడుస్తున్నదానిలా పమిటకొంగుతో దాన్ని తుడుస్తూ, గోడకున్న పెద్ద అద్దం దగ్గరికి నడిచింది. ఫోటోకి ముందు అందరూ తల దువ్వుకునే అద్దం అది. కింద పౌడరు డబ్బా, దువ్వెన దొంగిలించకుండా కట్టిన గొలుసు.

ఫోటోని అద్దానికి ఎదురుగా పట్టింది.

అద్దంలో స్టీరింగు కుడిపక్కకి వచ్చింది. పెట్రోలు మూత ఎడమకి జరిగింది. బానెట్టు చీలికలు బొమ్మలో ఉన్న చోటికి పోయి బుద్ధిగా కూర్చున్నాయి. చేప మూతి, పగిలిన అద్దం, అన్నీ సరిపోయాయి. కవల తమ్ముడూ లేడు, పుర్రచేతి వాటమూ లేదు. ఇంగ్లండు నుంచి వచ్చిన ఆ ఒక్క బండే ఇది. ఇన్నాళ్ళూ మొగుడు తల పట్టుకున్నది మామగారి తిరగేసిన నెగటివు చూసి.

ఒక్క చిటికె సేపు ఆమెకి సంతోషమే కలిగింది. ఇప్పుడు ఆయన పక్కనుంటే ఎగిరి అటక మీద పడేవాడు కదా అనుకుంది. అనుకుంటూ ఫోటోని కిందికి దించి, మామూలుగా చూసి, తలెత్తింది.

అద్దంలో ఆమె భుజం వెనక గొడుగాయన ముఖం ఉంది.

చేతిలో ఫోటోలో కుర్రవాడి తెగిన చెవి ఎటుందో, అద్దంలో గొడుగాయన తెగిన చెవి అటే ఉంది. అదే నుదురు. కళ్ళ మధ్య అదే ఎడం. చెంపలు జారాయి, జుట్టు ఊడింది, కానీ నవ్వేటప్పుడు పైపెదవి ఒక మూల పైకి లేవడం మాత్రం లేస్తూనే ఉంది. షావుకారు గెంతినట్టే ఈ ముఖం కూడా లేచి, ఇదీ నేను, అన్నట్టుంది. కుర్రవాడి కోటుకి రొమ్ము జేబు కుడివైపు ఎందుకుందో, నట్టు ఎన్నిసార్లు అడిగినా ఎవరూ ఎందుకు చెప్పలేకపోయారో కూడా ఆమెకి అప్పుడే తెలిసింది. దర్జీ తప్పు కాదు. జ్వరంతో మంచం దిగలేదని చెప్పిన ఆ కుర్ర డ్రైవరు ఈయనే అయి ఉండాలి.

ఆమె మళ్ళీ కొంగుతో ఫోటో తుడవడం మొదలుపెట్టింది.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడట ఒకడు. గొడుగాయన చెవి తడుముకున్నాడు. మెల్లిగా, ఈగని తోలుకున్నట్టు. ఆ చెయ్యి దించకుండానే అద్దంలో ఆమె కళ్ళలోకి చూశాడు.

“అత్తయ్యా, లోపల పొయ్యి మీద ఏదో మాడుతున్నట్టుంది” అంది కోడలు.

“పొయ్యి ఎప్పుడో ఆర్పేశాను. ఇంతకీ అన్నయ్యగారూ, మీరు అడుగుతున్న ఆ కారు ఫోటో తీసినరోజు నాకు బాగా గుర్తు. కొత్త కోడల్ని, నన్ను ముందు గదిలోకి రానిచ్చేవారు కాదు. చప్పుడు మాత్రం విన్నాను. ఆ బండి అన్ని బండ్లలా రొద చెయ్యదు. పాలగిన్నె పొంగే ముందు మూత కింద ఈల వేస్తుందే, అలా సన్నగా ఈల వేసేది. అంతకు ముందు వారం అంతా వీధిలో ఆ ఈల వింటూనే ఉండేవాళ్ళం. బండి నీళ్ళలో మునిగిందని ఊరంతా గగ్గోలు పెట్టిన మర్నాడు మన గుమ్మం ముందు మళ్ళీ అదే ఈల. మునిగిన బండి ఎలా వచ్చిందండీ అంటే, మా ఆయన నా నోటికి చెయ్యి అడ్డం పెట్టారు. ఎవరో కుర్రాడు ముచ్చటపడి కోటు వేసుకుని ఫోటో దిగి పోయాడట. అంతకంటే చెప్పలేదు.”

గొడుగాయన లేచాడు. పిల్లి నడిచినట్టు నడిచి, వీధి తలుపు మూసి గడియ వేశాడు.

“ఎండ కొడుతోందమ్మా” అన్నాడు.

“ఇది ఉత్తరపు తలుపు అన్నయ్యగారూ” అంది అత్తగారు. “ఇటు ఎండే రాదు. అందుకే ఇక్కడ స్టూడియో పెట్టారు.”

ఆవిడ, ఏదో వాసన తగిలినట్టు, ముఖం అటూ ఇటూ తిప్పింది. బయట వీధిలో కొట్లన్నీ మధ్యాహ్నం తలుపులు వేసుకున్నాయి. ఎక్కడో సైకిలు గంట మోగి దూరమైపోయింది. అరిచినా వినేవాడు లేడు.

“నీ కళ్ళు చాలా మంచివి అమ్మాయీ” అన్నాడు గొడుగాయన. “మీ ఆయన అన్ని గ్యారేజీలూ తిరిగాడు, ఎవడికీ అందలేదు. నువ్వు పౌడరు డబ్బా దగ్గర నిలబడి పట్టేశావు.”

“నేనేం పట్టలేదండీ. దుమ్ము తుడుస్తున్నాను.”

“తుడు. ఎంత తుడిస్తే అంత మంచిది. తుడిచాక ఆ మూడూ ఇలా ఇచ్చెయ్యి. నెగటివులు కూడా. ఫోటో ఒక్కటైతే ఎవడైనా ఏదైనా అంటాడు. నెగటివుకి మసక వైపూ మెరుపు వైపూ ఉంటాయని ఇప్పుడే కదా మా చెల్లెమ్మ చెప్పింది. నెగటివు అబద్ధం ఆడదు.”

“మా ఆయన ఎక్కడున్నారు?”

“చెప్పాను కదా. బండి కింద.”

“ఏ బండి కింద?”

గొడుగాయన ఆ ప్రశ్నని మెచ్చుకున్నట్టు తలాడించాడు. “చూశావా, మళ్ళీ మంచి కళ్ళు. బండి సంగతి నీకెందుకు, మొగుడి సంగతి చూసుకో. పాత గోడౌను అమ్మా అది. అన్నీ పాతవే. గోడలు పాతవి, దూలాలు పాతవి. బండిని ఎత్తి పెట్టిన జాకీలు కూడా పాతవే. మా డ్రైవరు పక్కనే కూర్చుని ఉన్నాడు, నా ఫోను కోసం. వాడు మంచివాడే, చెప్పింది చేస్తాడు. అదే చెయ్యి అంటే అది, ఇదే చెయ్యి అంటే ఇది.”

గొంతు పెంచలేదు. బేరం కుదిరాక కూరగాయల సంచీ అందుకునేవాడి గొంతు. జాకీ జారడం ఎలా ఉంటుందో మెకానిక్కు పెళ్ళానికి ఒకరు చెప్పాలా? ప్రతిరోజూ పక్క షెడ్డులోంచి సుత్తి చప్పుడు ఆగితే చాలు, చేతిలో పని వదిలి ఒకసారి తొంగిచూసే మనిషి. రెండు కాళ్ళు బండి కింద నుంచి బయటికి కనిపించి, వాటిలో ఒక్క బొటనవేలు కదిలితే, మళ్ళీ వచ్చి పనిలో పడుతుంది. ఆ బొటనవేలు ఇప్పుడు ఆమెకి కనిపించడం లేదు.

“మామగారి పెట్టె లోపలి గదిలో ఉంది” అంది.

“నేనూ వస్తాను. బరువుంటుందేమో.”

ఇద్దరూ లోపలికి వెళ్ళారు. ఒకప్పటి చీకటిగది అది. గోడలకి ఇంకా మందుల పులుపు వాసన. రేకుపెట్టెలో కాగితపు కవర్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఊరంతా ఆ పెట్టెలో ఉంది, నల్లవాళ్ళు తెల్లగా, తెల్లవాళ్ళు నల్లగా. ఆమె వేళ్ళకి వెతకడం తెలుసు. వెతుకుతున్నంతసేపూ గొడుగాయన ఊపిరి మెడ మీద తగులుతూనే ఉంది. వేరే కవరు ఏదైనా ఇచ్చి పంపితే? ఆ ఊహ వచ్చింది. వెంటనే జాకీ గుర్తొచ్చింది. ఊహ ఎలా వచ్చిందో అలాగే వెళ్ళిపోయింది.

మూడు నెగటివులూ తీసి అతని చేతిలో పెట్టింది.

ముందు గదిలోకి వచ్చి, గొడుగాయన ఒక్కొక్కటీ కిటికీ వెలుతురుకి ఎత్తి చూశాడు. మూడోదాన్ని ఎక్కువసేపు చూశాడు. అంత చిన్న ముక్కలో తన పాతికేళ్ళ ముఖం, పళ్ళు నల్లగా, కళ్ళు తెల్లగా, ప్రేతంలా నవ్వుతోంది. దాన్ని బొటనవేలితో ఒకసారి రాశాడు. అది ప్రేమో, చెరిగిపోతుందేమోనన్న ఆశో తెలియదు. తర్వాత బల్ల మీదున్న ఫోటోలు కత్తిరించే మిషను దగ్గరికి వెళ్ళి, మూడు నెగటివులూ, ఆమె చేతిలోని ఫోటో, సొరుగులోని మిగతా రెండూ కలిపి కత్తి కింద పెట్టాడు. కత్తి దించి ఎత్తాడు, మళ్ళీ దించాడు. ముక్కలు కాఫీ పొడి అయ్యేదాకా వదల్లేదు. వాటిని జేబురుమాల్లో మూటగట్టి జేబులో వేసుకున్నాడు.

“ఇప్పుడు ఫోను చెయ్యండి” అంది కోడలు. అడుక్కోలేదు. అడుక్కునేంత బలం కూడా లేదు ఆమెకి.

“మాటంటే మాటే.” బల్ల మీది ఫోను దగ్గరికి లాక్కుని నంబరు తిప్పాడు. “ఒరేయ్, నేనే. ఆ మెకానిక్కుని...”

అవతలి మనిషి మాట మధ్యలో అడ్డుపడ్డాడు. గదిలో ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, ఆ గొంతు చీమ మాట్లాడినట్టు చిన్నగా, ఒక్కో మాటా విడివిడిగా కోడలికి వినిపించింది.

“అయ్యా, మీకే చేద్దామనుకుంటున్నాను. ఆ మనిషి లేడయ్యా. ఒక్క చుట్ట కాల్చుకుందామని బయటికెళ్ళి వచ్చాను. లోపల బస్తాల గోడ కూలిపోయి ఉంది. దాని వెనక తలుపు తీసి ఉంది.”

“వెనకున్న బండి?”

“లేదయ్యా.”

గొడుగాయన ఫోను పెట్టలేదు. చేతిలో పట్టుకునే నిలబడ్డాడు. అతని ముఖంలో రంగు ఎటు పోయిందో గానీ, తెర మీద రాజమహలు మెట్లకీ అతనికీ తేడా లేకుండా పోయింది. కోడలు ఆ ముఖం చూసింది. ఇంత వరకూ ఆమెని భయపెట్టిన మనిషి భయపడుతున్నాడు. దానితో ఆమె భయం తగ్గాలి కదా. తగ్గలేదు, రెట్టింపైంది. పులికి భయం వేసిన అడవిలో లేడి ఎక్కడికి పోతుంది?

అత్తగారు ముఖం వీధివైపు తిప్పింది.

“అమ్మాయ్” అంది. “పాలగిన్నె.”

ముందు కోడలికి వినపడలేదు. తర్వాత వినపడింది. వీధి చివర్నించి సన్నగా, తీగ లాగినట్టు ఒక ఈల. అది మెల్లిమెల్లిగా దగ్గరవుతోంది.

“అదే” అంది అత్తగారు. ఆవిడ చేతులు ఒడిలో ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. “మునిగిన బండి.”

గొడుగాయన గొడుగు కోసం చెయ్యి చాపాడు. చెయ్యి తగిలి కెమెరా స్టాండు కింద పడింది. కోడలు ఆగలేదు. గడియ లాగి తలుపు తీసింది. ఈయన వచ్చేశాడు, బస్తాల గోడ కూల్చి, ఆ బండిని బతికించి, తోలుకుంటూ వచ్చేశాడు అని ఆమె గుండె కొట్టుకుంటోంది. నట్టు కాకపోతే ఆ పని ఇంకెవరికి చేతనవుతుంది?

వీధిలో చేప మూతి ముందుకొచ్చింది. దుమ్ము పట్టి, బూడిద రంగులో, ముందద్దం ఇంకా పగిలే ఉంది. ఆ పగులు వెనక స్టీరింగు కుడిపక్కనే ఉంది. దాని వెనక ఖాకీ చొక్కా. ఆ చొక్కా జేబు చిరిగితే నల్లదారం దొరక్క తనే ఎర్రదారంతో కుట్టింది. ఎర్రకుట్లు వీధంత దూరం నుంచి కూడా కనిపించాయి.

“ఏవండీ” అంటూ మెట్లు దిగి పరిగెత్తింది.

బండి స్టూడియో ముందు ఆగింది. ఈల ఆగింది. వెనకవైపు బందులున్న తలుపు ముందు నుంచి తెరుచుకుంది. ఖాకీ చొక్కా దిగింది. నట్టు ఎప్పుడూ పైగుండీ పెట్టుకోడు, ఉక్క అంటాడు. ఈ చొక్కాకి మెడ దాకా గుండీలు పెట్టి ఉన్నాయి.

చొక్కా ఆమె మొగుడిదే. అందులో ఉన్న మనిషిని ఆమె ఈ జన్మలో చూడలేదు.

ఆమె వెనక, మెట్ల మీద నుంచి, గొడుగాయన గొంతు వణుకుతూ వినిపించింది.

“ఎవడు వీడు?”